జవాబు రానప్పుడు



ఆంధ్రప్రదేశ్ కొండ ప్రాంతంలోని చింతపల్లి మండలంలో, ఘాట్ రోడ్డుకి దూరంగా, గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, నడిపే ఒక రేషన్ డిపోను ఊహించుకోండి. నెల మొదటి వారం. బియ్యం కోసం వచ్చిన ఒక అవ్వ ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టింది. తెర మీద చక్రం తిరుగుతోంది. ఇంతలో సిగ్నల్ పోయింది. కాసేపటికి మిషన్ చెప్పింది: సర్వర్ నుంచి జవాబు రాలేదు.

ఇప్పుడు సేల్స్‌మన్ ఏం చేయాలి? ఆ వేలిముద్ర సర్వర్ దాకా వెళ్లిందా, దారిలోనే పోయిందా? వెళ్లి ఉంటే, ఈ నెల బియ్యం ఇచ్చేసినట్టు అక్కడ లెక్క రాసేశారా? మళ్లీ వేలు పెట్టమంటే రెండోసారి లెక్క పడుతుందేమో. పెట్టించకుండా బియ్యం ఇస్తే స్టాకు తేడా వస్తుందేమో. ఈ సందేహాలన్నీ తీరేవరకూ ఆ అవ్వ ఖాళీ సంచితో నిలబడే ఉంటుంది.

ఆమెకు బియ్యం దొరకడం, దొరకకపోవడం ఆ డిపోలో తేలే విషయం కాదు. ఎప్పుడో, ఏ నగరంలోనో, ఆ సాఫ్ట్‌వేర్ రాసిన రోజున కొందరు తీసుకున్న నిర్ణయం మీద అది ఆధారపడి ఉంటుంది. మిషనూ సర్వరూ ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలన్న నిర్ణయం అది. ఇంజనీర్ల భాషలో ఏపీఐ కోసం వెబ్ సర్వీసు పద్ధతిని ఎంచుకోవడం. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

ముందు ఏపీఐ అంటే ఏమిటో చూద్దాం. మన చేతిలో ఉన్న యాప్‌లో బియ్యం లెక్క ఉండదు, బ్యాంకు బాకీ ఉండదు, పట్టా వివరాలు ఉండవు. అవన్నీ ఎక్కడో ఉన్న సర్వర్లలో ఉంటాయి. యాప్ అడుగుతుంది, సర్వర్ చెబుతుంది. ఏ మాటలతో అడగాలి, ఏ రూపంలో చెప్పాలి, ఏదైనా తప్పు జరిగితే ఎలా తెలియజేయాలి అని రెండు ప్రోగ్రాములకీ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ఆ ఒప్పందమే ఏపీఐ. అది వెబ్ మీదుగా నడిస్తే వెబ్ సర్వీసు.

ఈ ఒప్పందం రాయడానికి పాతికేళ్లుగా రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి సోప్. 1998లో మైక్రోసాఫ్ట్‌లో రూపుదిద్దుకుని, 2003లో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ ఆమోదించిన ప్రమాణంగా స్థిరపడింది. ఇందులో ప్రతి మాటా ఎక్స్‌ఎంఎల్ అనే రాత పద్ధతిలో, ఒక నిర్ణీత చట్రంలో వెళుతుంది. డబ్ల్యూఎస్‌డీఎల్ అనే పత్రంలో ఏ పని ఉంది, దానికి ఏ వివరాలివ్వాలి, ఏ రకం జవాబు వస్తుంది అన్నీ ముందే రాసి ఉంటాయి. ఆ పత్రాన్ని చదివి కంప్యూటరే సగం ప్రోగ్రాము తయారు చేసిపెడుతుంది. సంతకాలకీ, రహస్యానికీ, నమ్మకంగా చేరవేయడానికీ విడివిడిగా అనుబంధ ప్రమాణాలు వచ్చాయి. బ్యాంకులూ బీమా సంస్థలూ దీన్ని ఇష్టపడ్డాయంటే కారణం ఈ కట్టుదిట్టమే.

రెండోది రెస్ట్. 2000లో రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్‌కి సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఈ పేరు పెట్టాడు. వెబ్‌ని నడిపించే హెచ్‌టీటీపీ నియమావళిని రాసినవాళ్లలో ఆయన ఒకడు. ప్రపంచమంతా విస్తరించినా వెబ్ ఎందుకు కూలిపోలేదు అన్న ప్రశ్నకు ఆయన వెతికిన సమాధానమే రెస్ట్. ప్రతి వస్తువుకీ ఒక చిరునామా ఉండాలి. ఆ చిరునామా మీద చేసే పనులు కొన్నే ఉండాలి: చూడడం, పెట్టడం, మార్చడం, తీసేయడం. ప్రతి రిక్వెస్టూ తనకు కావలసిన సమాచారం తానే మోసుకుపోవాలి. నిన్న ఏం మాట్లాడుకున్నామో సర్వర్ గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండకూడదు. తర్వాత జేసన్ అనే తేలికపాటి రాత పద్ధతి దీనికి జతపడింది. ఇవాళ కొత్తగా రాసే ఏపీఐల్లో ఎక్కువ భాగం ఈ దారిలోనివే. 2015లో ఫేస్‌బుక్ గ్రాఫ్‌క్యూఎల్, గూగుల్ జీఆర్‌పీసీ అనే మరో రెండు పద్ధతులను బయటపెట్టాయి. వాటికీ వాటి వాటి చోట్లున్నాయి.

మరి ఏది ఎంచుకోవాలి? నగరంలో ఆఫీసులో కూర్చుని ఈ ప్రశ్న అడిగితే చర్చ వేగం మీదా, అలవాటు మీదా, కంపెనీలో ఎవరికి ఏది వచ్చు అన్నదాని మీదా నడుస్తుంది. ఒకసారి నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కి, లంబసింగి దాటి, చింతపల్లి చేరి, అక్కడి నుంచి బలపం వైపో కోరుకొండ వైపో వెళ్లి అదే ప్రశ్న అడగండి. ప్రశ్నల వరుసే మారిపోతుంది.

మొదటి ప్రశ్న: ఒక పని పూర్తి కావడానికి మిషన్‌కీ సర్వర్‌కీ మధ్య ఎన్ని రాకపోకలు కావాలి? ఎక్స్‌ఎంఎల్ బరువనీ, జేసన్ తేలికనీ అంటుంటారు. ఆ మాట కొంతవరకే నిజం. కుదించి పంపితే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. బలహీనమైన సిగ్నల్ దగ్గర అంతకంటే ఎక్కువ ఖరీదైనవి రాకపోకలే. ఒక్కో రాకపోకకీ సెకన్లు పడతాయి, ఒక్కోదానికీ తెగిపోయే ప్రమాదం ఉంటుంది. పేరు కోసం ఒకసారి, కుటుంబ సభ్యుల కోసం ఒకసారి, కోటా కోసం ఒకసారి అడిగే ఏపీఐ జేసన్‌లో రాసినంత మాత్రాన కొండ మీద బాగా పనిచేయదు. కావలసినవన్నీ ఒకే జవాబులో ఇచ్చే ఏపీఐ ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్నా పనిచేస్తుంది.

రెండో ప్రశ్న: మారని విషయాన్ని మళ్లీ మళ్లీ తెప్పించుకోకుండా ఉండగలమా? ఇక్కడ రెస్ట్‌కి స్పష్టమైన బలం ఉంది. గెట్ అనే పద్ధతిలో అడిగినవాటిని దారిలోనే దాచుకోవచ్చు. ‘నా దగ్గరున్న ధరల పట్టిక మారిందా?’ అని యాప్ అడిగితే, మారకపోతే సర్వర్ 304 అనే ఒక్క సంకేతం పంపి ఊరుకుంటుంది. కాఫీ కొనుగోలు ధరలు గంట గంటకీ మారవు కదా. సోప్‌లో దాదాపు అన్ని మాటలూ పోస్ట్ అనే ఒకే పద్ధతిలో వెళతాయి. ఏది చూసే మాటో, ఏది మార్చే మాటో దారిలో ఉన్నవాటికి తెలియదు. అందుకే ఈ సౌకర్యం అందులో సులువుగా దొరకదు.

మూడో ప్రశ్న అన్నిటికంటే పెద్దది: జవాబు రాకపోతే ఏమిటి?

కంప్యూటర్ శాస్త్రంలో ఇద్దరు సేనాపతుల సమస్య అని ఒకటుంది. 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే దానికి ఆ పేరు పెట్టాడు. రెండు కొండల మీద రెండు దళాలున్నాయి. కింద లోయలో శత్రువు. రెండు దళాలూ ఒకేసారి దిగితేనే గెలుపు. ఒక దళం కబురు పంపింది: రేపు తెల్లవారుజామున దిగుదాం. కబురు తీసుకెళ్లినవాడు తిరిగి రాలేదు. వాడు వెళ్లేటప్పుడు చిక్కాడా, చెప్పి వచ్చేటప్పుడు చిక్కాడా? ఈ కొండ మీదున్నవాళ్లకి తెలిసే దారి లేదు. అందింది అని అవతలివాళ్లు ఇంకో మనిషిని పంపినా, వాడు చేరాడో లేదో వాళ్లకి తెలియదు. ఎంతమందిని పంపినా ఇద్దరికీ పూర్తి నిశ్చయం కలగదని గణితం రుజువు చేసింది. మిషన్‌కీ సర్వర్‌కీ మధ్య ఉన్నది సరిగ్గా ఈ లోయే.

అంటే, ప్రతి రిక్వెస్టుకీ ఫలితాలు మూడు. అయింది. కాలేదు. తెలియదు. చాలామంది ప్రోగ్రామర్లు మొదటి రెండిటికే దారి వేస్తారు. మూడోదాన్ని రెండోదానిలో కలిపేస్తారు. జవాబు రాలేదంటే పని కాలేదనుకుంటారు. అన్యాయం మొదలయ్యేది అక్కడే. డబ్బు ఖాతాలోంచి పోయి, అవతలివాళ్లకి చేరదు. బియ్యం తీసుకున్నట్టు లెక్క ఉంటుంది, సంచి ఖాళీగా ఉంటుంది. పనికి వెళ్లిన కూలీకి హాజరు పడదు.

‘తెలియదు’కి దారి వేయడానికి రెండు పనులు చేయాలి. మొదటిది, ప్రతి పనికీ మిషన్ దగ్గరే, పంపకముందే, ఒక ప్రత్యేకమైన నెంబరు ఇవ్వాలి. అదే నెంబరుతో మళ్లీ అడిగితే సర్వర్ ఆ పని రెండోసారి చేయకూడదు. మొదటిసారి ఇచ్చిన జవాబునే మళ్లీ ఇవ్వాలి. రెండోది, ఫలానా నెంబరు పని ఏమైంది అని అడగడానికి విడిగా ఒక మార్గం ఉండాలి.

అడగడానికీ చేయడానికీ ఉన్న తేడాను ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఈ వేలిముద్ర ఈ మనిషిదేనా అని పోల్చడం అడగడమే. పదిసార్లు అడిగినా గోదాములో బియ్యం తరగవు. కోటాలోంచి తగ్గించడం చేయడం. రెండుసార్లు చేస్తే నష్టం. హెచ్‌టీటీపీ ఈ తేడాను తన నియమాల్లోనే పెట్టుకుంది. గెట్ అంటే చూడడమే, దానివల్ల ఏదీ మారకూడదు. ఒక చిరునామాలో పెట్టే పుట్, తీసేసే డిలీట్ ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకసారి పంపినట్టే ఉండాలి. పోస్ట్‌కి మాత్రం అలాంటి హామీ లేదు. రెస్ట్ దారిలో సరిగ్గా నడిచే ప్రోగ్రామర్‌కి ఈ నియమాలు చేతికందే ఉంటాయి. కానీ రెస్ట్ అని పేరు పెట్టుకుని అన్నిటికీ పోస్ట్ వాడితే ఆ మేలు దక్కదు. సోప్‌లో కూడా నమ్మకంగా చేరవేసే ప్రమాణం 2007లో వచ్చింది. అది మాట ఒక్కసారే చేరేలా చూడగలదు. అయితే మాట చేరాక సర్వర్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలన్నది మళ్లీ ప్రోగ్రామర్ బాధ్యతే.

ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. మన దేశంలో కోట్ల మంది రోజూ వాడే వ్యవస్థలు ఈ పాఠం నేర్చుకునే నడుస్తున్నాయి.

ఆధార్‌ని చూడండి. మొదటి ఆధార్ నెంబరును 2010 సెప్టెంబరు 29న ఇచ్చింది మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని టెంభ్లీ అనే ఆదివాసీ గ్రామంలో. ఆధార్ అథెంటికేషన్ ఏపీఐలో ఎక్స్‌ఎంఎల్ ఉంది, డిజిటల్ సంతకం ఉంది, వేలిముద్ర వివరాలకి ఎన్‌క్రిప్షన్ ఉంది. సోప్ మాత్రం లేదు. మామూలు హెచ్‌టీటీపీఎస్ మీద, ముందు మాట గుర్తుపెట్టుకోని పద్ధతిలో నడుస్తుంది. అడిగినవాళ్లు ఇచ్చిన లావాదేవీ నెంబరు జవాబులో తిరిగి వస్తుంది. అంటే దాన్ని కట్టినవాళ్లు పార్టీల్లో చేరినట్టు ఒక పక్షంలో చేరలేదు. ఏ గుణం కావాలో దాన్ని తీసుకున్నారు.

యూపీఐ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దాన్ని 2016 ఏప్రిల్ 11న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అందులో కూడా ఎక్స్‌ఎంఎలే. కానీ రిక్వెస్టు పంపగానే తుది జవాబు కోసం పట్టుకుని కూర్చోరు. ముందు ‘అందింది’ అని ఒక చిన్న జవాబు, తర్వాత విడిగా అసలు ఫలితం. ప్రతి లావాదేవీకీ ప్రత్యేక నెంబరు. ఆ నెంబరు పని ఏమైందో అడగడానికే విడిగా ఒక ఏపీఐ. అంటే ‘తెలియదు’ అన్న స్థితికి దారి ముందే వేసిపెట్టారు. ఆ స్థితిని నిబంధనలు కూడా గుర్తించాయి. ఒకరి ఖాతాలో డబ్బు తగ్గి అవతలి వ్యక్తికి చేరకపోతే మరుసటి రోజులోగా దానంతటదే వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనీ 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఫోన్‌తో ఇంకొకరికి డబ్బు పంపే ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది. తొలి విడతలో 161 సేవలు. చూసేవారికి అది ఒక చాట్. వెనక మాత్రం వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతులు కట్టిన శాఖల వ్యవస్థలున్నాయి. వాట్సాప్ తన వైపు హెచ్‌టీటీపీ, జేసన్‌లతో మాట్లాడుతుంది. మనం పంపిన సందేశాన్ని అది సర్వర్‌కి అందిస్తుంది. అందినట్టు జవాబు రాకపోతే మళ్లీ అందిస్తుంది. అంటే ఒకే సందేశం రెండుసార్లు రావచ్చు. దాన్ని గుర్తుపట్టి రెండోదాన్ని పక్కన పెట్టకపోతే ఒకే ధ్రువపత్రానికి రెండు దరఖాస్తులు పడతాయి.

ఇక్కడ కొందరికి ఒక సందేహం రావచ్చు. టవర్లు వస్తున్నాయి కదా, సిగ్నల్ బాగుపడితే ఈ బాధ పోదా? టవర్లు రావాల్సిందే. 2021 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో సెల్ సిగ్నల్ లేని 7,287 గ్రామాల కోసం కేంద్రం ఒక పథకాన్ని ఆమోదించింది. 2022 జులైలో దేశమంతటికీ 26,316 కోట్ల రూపాయలతో ఇంకో పథకం వచ్చింది. ఇవన్నీ అవసరమే. కానీ వాన గాలికి కరెంటు పోతే టవర్ ఆగుతుంది, చెట్టు పడితే కేబుల్ తెగుతుంది. విశాఖపట్నంలో లిఫ్ట్ ఎక్కినా కాల్ తెగుతుంది. లోయ వెడల్పు తగ్గుతుందేమో గానీ లోయ ఉండనే ఉంటుంది. కొండ మీద పనిచేసేలా కట్టిన ఏపీఐ నగరంలో ఇంకా బాగా పనిచేస్తుంది. నగరంలో పనిచేసేలా కట్టింది కొండ ఎక్కలేకపోవచ్చు.

ఒక పనిని చేతుల్లోకి తీసుకుని చూద్దాం. చింతపల్లి కొండల్లో చలికాలమంతా కాఫీ కోతలే. జీసీసీ 1956లో పుట్టింది. రైతుల దగ్గర కాఫీ, అటవీ ఉత్పత్తులు కొనడం దాని పనుల్లో ఒకటి. అలాంటి కొనుగోలు కేంద్రానికి ఒక యాప్ రాయాలనుకుందాం. రైతు కాఫీ తూకం వేయించాడు. నాణ్యత చూశారు. ధర కట్టారు. ఇప్పుడు బిల్లు సర్వర్‌కి చేరాలి, డబ్బు రైతు ఖాతాకి చేరాలి.

పాత అలవాటు ప్రకారం రాస్తే, యాప్ బిల్లు వివరాలు పంపుతుంది, సర్వర్ ఒక బిల్లు నెంబరు వేసి తిరిగి పంపుతుంది. సిగ్నల్ లేకపోతే నెంబరు లేదు, నెంబరు లేకపోతే రసీదు లేదు, రైతు మళ్లీ రేపు రావాలి. సిగ్నల్ మధ్యలో పోతే ఇంకా చిక్కు; ఒకే కాఫీకి రెండు బిల్లులు పడొచ్చు.

దీన్ని తిరగేసి రాద్దాం. బిల్లు నెంబరును మిషనే తయారు చేస్తుంది. 128 బిట్ల యాదృచ్ఛిక నెంబర్లు తయారు చేసే పద్ధతి ఒకటుంది; ఒకదానితో ఒకటి సంప్రదించుకోని వేల మిషన్లు వాడినా రెండు నెంబర్లు ఒకటే అయ్యే అవకాశం దాదాపు లేనట్టే. ఆ నెంబరుతో రసీదు అక్కడికక్కడే రైతు చేతికి అందుతుంది. వివరాలు మిషన్‌లో భద్రంగా ఉంటాయి. సిగ్నల్ దొరికినప్పుడు ఆ నెంబరే చిరునామాగా, పుట్ పద్ధతిలో బిల్లు వెళుతుంది. జవాబు రాకపోతే మళ్లీ వెళుతుంది. ఎన్నిసార్లు వెళ్లినా బిల్లు ఒక్కటే. సర్వర్ మొదటిసారి తీసుకుంటే 201 అంటుంది, అప్పటికే ఉంటే 200 అంటుంది, అదే నెంబరు మీద వేరే తూకం కనబడితే 409 అని, అంటే ఇక్కడ తగాదా ఉంది మనిషి చూడాలి అని చెబుతుంది. రైతు తన రసీదు నెంబరుతో ఏ సచివాలయంలోనైనా తన బిల్లు ఎక్కడుందో అడగొచ్చు. దీనికి రెస్ట్ సహజంగా సరిపోతుంది. చిన్న ఫోన్లలో నడుస్తుంది, మనుషులు చదివి అర్థం చేసుకోగలరు, కొండ ప్రాంతపు డిగ్రీ కళాశాలల్లో చదివిన పిల్లలు కూడా దాన్ని నేర్చుకుని మరమ్మతు చేయగలరు.

మరి ఆ డబ్బు పంపే బ్యాంకు వ్యవస్థ సోప్‌లో ఉంటే? ఉండనివ్వండి. బాగా నడుస్తున్నదాన్ని మోజు కోసం కూల్చకూడదు. రెండిటికీ మధ్య ఒక చిన్న ప్రోగ్రాము పెట్టి, కొండ వైపు రెస్ట్‌లో, బ్యాంకు వైపు సోప్‌లో మాట్లాడించవచ్చు. అయితే ఆ బిల్లు నెంబరు రెండు వైపులా పోకుండా చివరిదాకా ప్రయాణించాలి. మధ్యలో ఎక్కడ ఆ నెంబరు జారిపోతుందో అక్కడే రైతు డబ్బు కూడా జారిపోతుంది.

ప్రభుత్వ శాఖల్లో సాఫ్ట్‌వేర్ కొనుగోలు పత్రాలు రాసే అధికారులకు నా విన్నపం ఒకటుంది. ప్రభుత్వ వ్యవస్థలు బహిరంగ ఏపీఐలతో ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఏపీఐ సేతు అనే వేదిక ద్వారా అనేక సేవలు అందుబాటులోకి వచ్చాయి. ఆ విధానానికి కొండ మీద అర్థం ఉండాలంటే టెండర్‌లో మూడు వాక్యాలు చేర్చండి. ఒకటి, ప్రతి లావాదేవీకీ నెంబరు మిషన్ దగ్గరే పుట్టాలి, అదే నెంబరుతో మళ్లీ వచ్చిన రిక్వెస్టు రెండోసారి అమలు కాకూడదు. రెండు, ఏ లావాదేవీ పరిస్థితినైనా నెంబరుతో అడిగి తెలుసుకునే మార్గం ఉండాలి, ఆ జవాబు తెలుగులో సామాన్యుడికి అర్థం కావాలి. మూడు, ఆమోదానికి ముందు పరీక్ష సర్వర్ గదిలో కాదు, సిగ్నల్ వచ్చీ పోయే ఊళ్లో, ఆ మిషన్‌ని రోజూ వాడే మనిషి చేతుల్లో జరగాలి. ఇంజనీర్లు పని మధ్యలో కావాలని సిగ్నల్ తెంచి, లెక్క తప్పలేదని చూపించాలి.

చింతపల్లిలోనూ, పాడేరులోనూ కంప్యూటర్లు చదువుతున్న విద్యార్థులకి ఒక మాట. మీరు రేపు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరితే, సోప్ మంచిదా రెస్ట్ మంచిదా అని ఇంటర్వ్యూలో అడుగుతారు. రెండిటి గుణాలూ చెప్పండి. చెప్పి, జవాబు రాకపోతే ఈ వ్యవస్థ ఏం చేస్తుంది అని మీరు వాళ్లని తిరిగి అడగండి. సిగ్నల్ లేకపోవడం ఎలా ఉంటుందో మీకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. ఆ తెలివిడి మీ రంగంలో చాలా విలువైనది.

డిపోల్లో, సచివాలయాల్లో ఆ మిషన్ల ముందు కూర్చునేవారికీ, వాటి ముందు నిలబడేవారికీ చివరి మాట. జవాబు రాలేదు అన్నది ‘కాదు’ అన్న జవాబు కాదు. ఆ నెంబరు రాసుకోండి. ఏమైందో చెప్పమని అడగండి. పౌరుడు అడిగితే చెప్పలేని వ్యవస్థను బాగుచేయాల్సిన బాధ్యత దాన్ని కట్టినవారిది. సందేహం వచ్చినంత మాత్రాన ఎవరినీ ఖాళీ చేతులతో పంపే హక్కు ఏ యంత్రానికీ లేదు.